మంద దారికి లెక్క లేదు

గొర్రెల మీద బతుకంటే మాంసం, ఉన్ని అనుకుంటారు చాలామంది. మా తాత ఇంట్లోకి గింజలు వచ్చింది మాత్రం పెంటికల వల్ల. మాది జగిత్యాల దిక్కు, కురుమలం. కోతలయ్యాక రైతులు పిలిచి మరీ పొలంలో మంద పెట్టించుకునేవారు. తడకలు కట్టి, రాత్రికి ఇంత మేర చొప్పున జరుపుకుంటూ పోవాలి. పెంటికా మూత్రమూ మడంతా సమంగా పడాలి. ఓ మూల పలచగా పడిందంటే రైతు తెల్లారేసరికి గట్టు మీద నిలబడి అడిగేవాడు. బేరం రాత్రి లెక్కన, కూలి వడ్లలో.

నాట్లు పడితే ఊళ్లో గొర్రెకు కాలు పెట్టే జాగా ఉండదు. గోదారి నిండకముందే దాటి ఖానాపూర్, కడెం అడవులకు తోలుకుపోవాలి. మా దిక్కు వరిమళ్లకు ఎరువేసిన మందను వానాకాలమంతా సాకింది ఆదిలాబాద్ గుట్టల గడ్డే. దానికి నిజాం సర్కారు బంచరాయి అనే మేత పన్ను వసూలు చేసింది. పైసలు తీసుకున్నారు గానీ గడ్డి మీద హక్కు రాసివ్వలేదు.

గుట్టల మీది గోండులకు, కోలాములకైతే రిజర్వు అడవి హద్దుల్లో మేతతో పాటు చేనూ పోయింది. 1940లో జోడేఘాట్‌లో ఆ భూమి కోసం పోరాడిన గోండు నాయకుడు కొమురం భీం నేలకొరిగాకే నిజాం ప్రభుత్వం మానవశాస్త్రవేత్త హైమండార్ఫ్‌ను ఆ గూడేలకు పంపింది. ఆయన పట్టుబట్టడం వల్ల 1949 నాటికి సుమారు 1,60,000 ఎకరాలకు పట్టాలొచ్చాయి. గొప్ప పనే, కాదనను. కానీ పట్టా వచ్చింది దున్నే భూమికి. దున్నే ఎద్దు ఎక్కడ మేయాలన్నది కాగితం మీదికి రాలేదు.

2006 అటవీ హక్కుల చట్టంలో మేత హక్కు ఉంది, సంచార పశుపోషకుల పేరు కూడా ఉంది. అయినా 2017లో గొల్ల కురుమలకు 75 శాతం సబ్సిడీ మీద 20 గొర్రెలు, ఒక పొట్టేలు ఇచ్చినవాళ్లు ఏ గుట్టకు తోలాలో చెప్పలేదు. 2023 జూన్‌లో ఆసిఫాబాద్‌లో మొదలుపెట్టి రాష్ట్రమంతా 4 లక్షల ఎకరాలకు పైగా పోడు పట్టాలిచ్చారు. అదీ చేనుకే.

ఇప్పుడు పులి వంతు. ఆ గుట్టల్లోనే ఉన్న కవ్వాల్ 2012లో టైగర్ రిజర్వు అయింది. అక్కడికి మహారాష్ట్రలోని తడోబా పులులు నడిచొచ్చే దారి కోసం 2025 మేలో జీవో 49 తెచ్చారు. ఆదివాసీలు రోడ్డెక్కితే జూలైలో ఆపారు. పులి వద్దని నేననను. పులి చంపిన ఆవుకు పరిహారమిచ్చే పద్దు అటవీ శాఖకు ఉంది, మంచిదే. మేత దారి మూసుకుపోయి సగం ధరకు సంతలో తెగనమ్మిన మందకు ఏ పద్దు కింద ఇస్తారో ఒక్క ఆఫీసరైనా చెబితే వినాలనుంది.