రాణీ మంగమ్మ పాలన: నేటి లాభము, రేపటి నీడ

సంస్థాధిపతి స్త్రీయైనచో ఆ సంస్థ దృష్టి తక్షణ లాభముపై నిలుచునా, రాబోవు కాలముపై నిలుచునా యను చర్చ నేటి వాణిజ్యలోకమున జరుగుచున్నది. మధురను పాలించిన తెలుగు నాయకుల చరిత్రమున దీనికి తగిన నిదర్శనము గలదు.

చొక్కనాథ నాయకుడు 1659 మొదలు 1682 వరకు పాలించెను. 1673లో తంజావూరును జయించి అళగిరి కప్పగించెను. అళగిరి స్వతంత్రించెను, కొలది యేండ్లలోనే ఏకోజీ తంజావూరు నాక్రమించెను. విజయము దక్కినది గాని రాజ్యము దక్కలేదు. తిరుచిరాపల్లిలో నగరు కట్టుటకై తిరుమల నాయకుని మహలునే విప్పించెనని చెప్పుదురు.

ఆయన రాణి మంగమ్మ, తుపాకుల లింగమ నాయకుని కుమార్తె. 1689లో కుమారుడు మశూచిచే మరణింపగా, పసివాడైన మనుమడు విజయరంగ చొక్కనాథుని పేర ఆమె పాలనాభారము వహించెను. మొగలు సేనలు దక్షిణమునకు వచ్చినపుడు పౌరుషమునకు పోక కప్పము చెల్లించి రాజ్యమును కాపాడుకొనెను. ఆమె యుద్ధ మెరుగనిది కాదు: 1697లో తిరువాన్కూరుపైకి సేనను పంపెను; 1702లో రామనాథపురముతోడి పోరులో దళవాయి నరసప్పయ్యను కోల్పోయెను. అయినను ఆమె పేరు నిలిపినవి యుద్ధములు కావు. బాటలు, వానికిరుప్రక్కల చెట్లు, సత్రములు. మధురలో మంగమ్మ సత్రము నేటికిని నిలిచియున్నది.

ఇది స్త్రీత్వముచే గలిగిన గుణమా? 1732లో అధికారము చేపట్టిన మీనాక్షియు స్త్రీయే. బంగారు తిరుమలుని పోటీకి వెరచి, ధనమిచ్చి చందాసాహెబు రక్షణ పొందెను, అతడు మాట తప్పెను, నాయకరాజ్య మంతరించెను. ఆమెకు వివేకము లేదనుట న్యాయము కాదు. విజయరంగుని విపరీత దానములచే బొక్కసము సన్నగిల్లియుండెను. శత్రువు వాకిటనే యుండెను. ఊపిరి నిలుపుకొనుటకే పెనగులాడువారు చెట్లు నాటలేరు.

కావున భేదము స్త్రీపురుషులయందు లేదు. మంగమ్మకు కొంత వ్యవధి లభించెను. రాజ్యము మనుమని సొత్తు, తనయొద్ద నిక్షేపము. ఆ యప్పగింత సుఖముగా జరుగలేదనియు, ఆమె చెరలో మరణించెననియు జనశ్రుతి. ఆమె నాటించిన చెట్ల నీడ మాత్రము బాటసారులకు దక్కినది.

ఈ దేశమున స్థిరపడిన తెలుగువారమగు మనము పిల్లల తెలుగు చదువునకు వెచ్చించు ధనము ఈ యేడే ఫలింపదు. దాని లెక్క సాలుచెట్ల లెక్క వంటిది.