మస్టాంగ్ – కమారో పోటీ

ఫోర్డ్ కంపెనీ మస్టాంగ్, జనరల్ మోటార్స్ వారి షెవర్లే కమారో అమెరికా కార్ల చరిత్రలో పేరుమోసిన ప్రత్యర్థులు. రెండింటినీ మజిల్ కార్లనడం వాడుక. కచ్చితంగా చెప్పాలంటే, మధ్యరకం కారులో పెద్ద కారు ఇంజను బిగిస్తే అది మజిల్ కారు. 1964 మోడల్ పాంటియాక్ జీటీవో అలాంటిది. మస్టాంగ్, కమారోలు 'పోనీ కార్లు': పొడుగాటి బానెట్, పొట్టి డిక్కీ, కుర్రకారు కొనగలిగే ధర. పెద్ద ఇంజన్లు వీటిలోకీ చేరాక ఆ తేడాను పట్టించుకున్నవాళ్లు తక్కువ.

మస్టాంగ్‌ను 1964 ఏప్రిల్ 17న న్యూయార్క్ ప్రపంచ ప్రదర్శనలో విడుదల చేశారు. పై రూపం కొత్తదే గానీ లోపలి సరంజామా చాలావరకు ఫోర్డ్ చిన్న కారు ఫాల్కన్‌దే. 2,368 డాలర్లకే అమ్మగలిగింది అందువల్లే. తొలి రోజే 22 వేల ఆర్డర్లు వచ్చాయి, రెండేళ్లు తిరక్కుండా పది లక్షల కార్లు తయారయ్యాయి. ఫోర్డ్ విభాగాధిపతి లీ అయకోకా పేరు ఇంటింటా తెలిసింది. నిజానికి ప్లిమత్ బారకూడా రెండు వారాలు ముందే బజారుకొచ్చింది. అయినా ఈ కోవకు పేరొచ్చింది మస్టాంగ్ వల్లే.

జనరల్ మోటార్స్ జవాబు చెప్పడానికి రెండేళ్లకు పైగా పట్టింది. కమారో 1966 సెప్టెంబరు 29న అమ్మకానికొచ్చింది. కమారో అంటే ఏమిటని విలేకరులు అడిగితే, మస్టాంగులను తినే ఒక చిన్న పొగరుబోతు జంతువని షెవర్లే అధికారులు బదులిచ్చారట. 1967 మోడళ్లలో కమారో ప్రారంభ ధర 2,466 డాలర్లు, మస్టాంగ్‌ది 2,461. ఐదు డాలర్లు చూసి ఎవరూ కారు మార్చుకోరు. ఆరు సిలిండర్ల సాదా ఇంజను మొదలు భారీ వీ8 దాకా రెండు షోరూముల్లోనూ ఎంచుకునే వీలుండేది. ఆ ఏడాది మస్టాంగులు 4.7 లక్షలు, కమారోలు 2.2 లక్షలు అమ్ముడుపోయాయి.

రెండూ అచ్చంగా ఎదురుపడింది ట్రాన్స్-ఆమ్ కారు పందాల్లో. ఇంజను 5 లీటర్లు దాటకూడదని అక్కడ నియమం. షెవర్లే వాళ్లు 327 ఘనపుటంగుళాల ఇంజను దిమ్మెలో 283 ఇంజను క్రాంక్‌షాఫ్ట్ పెట్టి 302 తేల్చారు. దాంతో పుట్టిందే కమారో జడ్/28. తొలి ఏడాది తయారైనవి 602 మాత్రమే. రోజర్ పెన్స్కే జట్టు తరఫున మార్క్ డొనహ్యూ 1968, 1969ల్లో దీన్నే నడిపి కమారోకు విజేత పట్టం తెచ్చాడు. ఫోర్డ్ బదులుగా 1969లో మస్టాంగ్ బాస్ 302 తెచ్చింది. ఇందులో ఒక తమాషా ఉంది. అప్పటి ఫోర్డ్ అధ్యక్షుడు బంకీ నుడ్సెన్ అంతకు ముందు షెవర్లేను ఏలినవాడే. బాస్‌కు రూపమిచ్చిన లారీ షినోడాను కూడా ఆయన జనరల్ మోటార్స్ నుంచే రప్పించుకున్నాడు. 1970లో పార్నెల్లి జోన్స్ వంటి డ్రైవర్లతో పందెం ఫోర్డ్ వైపు మళ్లింది.

1969లో కారు కొనబోయినవాడి చిక్కు ఊహించుకోవచ్చు. జడ్/28, బాస్ 302 రెండింటి ఇంజనూ 302 ఘనపుటంగుళాలే. కంపెనీలు ప్రకటించిన శక్తి రెండింటికీ 290 హార్స్‌పవరే. అసలు శక్తి అంతకంటే ఎక్కువేనన్నది అందరి మాట. కాగితం మీది అంకెలు తీర్పు చెప్పలేని చోట చాలామంది ఇంట్లో నాన్న ఏ కంపెనీ కారు నడిపాడో అటే మొగ్గారు.

ఆ అంకెలకూ త్వరలోనే గండం వచ్చింది. అప్పటిదాకా సైలెన్సరు, ఎయిర్ ఫిల్టరు వంటివేవీ తగిలించకుండా ఇంజన్ను విడిగా పరీక్షించేవారు. కారులో ఉన్నట్టే కొలిచేసరికి 1971 జడ్/28 శక్తి 330 నుంచి 275కి దిగింది. బీమా కంపెనీలు వేగం కార్లకు ప్రీమియం పెంచాయి. 1970 నాటి స్వచ్ఛవాయు చట్టం ఇంజన్లను కట్టడి చేసింది, 1973లో అరబ్బు దేశాలు చమురు ఆపేశాయి. ఫోర్డ్ చిన్న కారు పింటో సామగ్రితో మస్టాంగ్ 2 చేసింది. 1974లో అమెరికాలో దానికి వీ8 ఇవ్వనే లేదు. అభిమానులు ఇప్పటికీ దాన్ని వెక్కిరిస్తారు గానీ తొలి ఏడాదే 3.8 లక్షలకు పైగా అమ్ముడైంది. కమారో మాత్రం ఒహాయోలోని నార్‌వుడ్ కర్మాగారంలో 1972లో జరిగిన సుదీర్ఘ సమ్మెతో మూతపడే దాకా వెళ్లి బతికింది. 1977లో తొలిసారి మస్టాంగును అమ్మకాల్లో దాటింది.

1980ల్లో మస్టాంగును మాజ్డా సాయంతో ముందు చక్రాలతో నడిచే కారుగా మార్చాలని ఫోర్డ్ తలపెట్టింది. అభిమానులు ఉత్తరాలతో ముంచెత్తారు. ఆ కారు ప్రోబ్ అనే పేరుతో వచ్చింది, మస్టాంగ్ మస్టాంగుగానే మిగిలింది. 2002లో కమారో ఆగిపోయింది. 2005లో పాత రూపురేఖలతో వచ్చిన మస్టాంగ్ ఈ కోవకు మళ్లీ ఊపునివ్వగా, 2007 నాటి 'ట్రాన్స్‌ఫార్మర్స్' సినిమాతో పిల్లలకు కూడా తెలిసిన కమారో 2009లో తిరిగొచ్చి, 2010 నుంచి అయిదేళ్లు పైచేయి సాధించింది.

2016 మోడల్ కమారో ముందుదానికన్నా తేలికైనది. మలుపుల్లో దాని పట్టును పత్రికలు తెగ మెచ్చుకున్నాయి. అయితే కిటికీలు సన్నం, బయటికి చూపు ఆనదు. రోజూ ఆఫీసుకు వెళ్లేవాడికి ఆ ఇబ్బందే పెద్దది. పరీక్షల్లో నెగ్గుతూనే అంగట్లో వెనకబడింది. చివరి కమారో 2023 డిసెంబరులో తయారైంది. మస్టాంగ్ ఏడో తరం ఇంకా నడుస్తోంది.

2015 తరంతో మస్టాంగ్ తొలిసారిగా కంపెనీ నుంచే కుడివైపు స్టీరింగ్‌తో వచ్చింది. 2016 జులైలో భారతదేశంలో 5 లీటర్ల వీ8తో సుమారు 65 లక్షల రూపాయలకు అమ్మకానికి పెట్టారు. కమారోకు జనరల్ మోటార్స్ కుడి స్టీరింగ్ ఇవ్వలేదు, అది ఇక్కడి షోరూముల్లోకి రానేలేదు.