నోటు మీద నాణెం బొమ్మ: పాత రూపాయి కాగితాన్ని గుర్తుపట్టడం ఎలా?

పావగడ తాలూకాలో తరతరాలుగా ఉంటున్న మన తెలుగు ఇళ్లలో, పాత పట్టాల మధ్యనో లెక్కల పుస్తకం మడతలోనో ఒక్కోసారి ఓ చిన్న కాగితం బయటపడుతుంది. దాని మీద రాజు తల ఉన్న వెండి రూపాయి బొమ్మ అచ్చయి ఉంటుంది. ఇది లాటరీ టికెట్టా, పిల్లల ఆట నోటా అని మా సంఘానికి తెచ్చి అడిగినవారున్నారు. రెండూ కాదు. అది భారత ప్రభుత్వం వారి ఒక రూపాయి నోటు.

మొదటి ప్రపంచ యుద్ధంలో వెండి ధర పెరిగి, రూపాయి నాణేలకు కొరత వచ్చింది. అప్పుడు 1917 నవంబరు 30 తేదీతో మొదటి ఒక రూపాయి నోటు వెలువడింది. వెండి రూపాయికే అలవాటు పడ్డ జనం నమ్మాలని కాబోలు, ఐదో జార్జి బొమ్మ ఉన్న నాణేన్నే దాని మీద అచ్చు వేశారు. వెనుక ఎనిమిది భారతీయ భాషల్లో విలువ రాశారు. వాటిలో మన తెలుగు, కన్నడం రెండూ ఉన్నాయి. 25 నోట్లు కలిపి పుస్తకంగా కుట్టి కూడా ఇచ్చేవారు. అందుకే కొన్నిటి ఒక అంచు చించినట్టు చిల్లులతో ఉంటుంది. దాన్ని పాడైన నోటు అనుకోవద్దు. 1926లో వీటి జారీ ఆగింది.

రెండో ప్రపంచ యుద్ధంలో మళ్లీ అదే కొరత. 1940లో ఒక రూపాయి నోటు తిరిగి వచ్చింది. ఇక్కడే చాలామంది పొరబడతారు. ఐదో జార్జి బొమ్మతో 1935 అని ఉన్న నోటు కూడా జనం చేతికి వచ్చింది 1940లోనే. ఆరో జార్జి బొమ్మ ఉన్నది 1940 నోటు.

సంతకం చూస్తే సందేహం తీరుతుంది. 1917 నోటు మీద గబ్బే, మెక్‌వాటర్స్, డెన్నింగ్‌లలో ఒకరిది, 1935 దాని మీద కెల్లీది, 1940 దాని మీద జోన్స్‌ది ఉంటుంది. వీటిలో దేని మీదా రిజర్వు బ్యాంకు గవర్నరు సంతకం ఉండదు. నేటి ఒక రూపాయి నోటు మీద కూడా ఆర్థిక శాఖ కార్యదర్శి సంతకమే ఉంటుంది. 2011 నాణేల చట్టం ప్రకారం ఒక రూపాయి నోటు నాణెం కిందే లెక్క! గుమాస్తాగా ఎన్నో కాగితాలు చూసిన మాకే ఈ సంగతి విని ఆశ్చర్యమేసింది.

ఇక అసలు జాగ్రత్త. పాత నోటుకు లక్షలిస్తామని, ముందు కమీషనో పన్నో కట్టమని ఫోన్లు వస్తున్నాయి. తమ పేరు, గుర్తు వాడుకుని ఇలా మోసం చేస్తున్నారని, అలాంటి కొనుగోళ్లతో తమకు సంబంధం లేదని రిజర్వు బ్యాంకు 2021 ఆగస్టులో ప్రకటించింది. కాబట్టి ఎవరికీ ముందుగా ఒక్క పైసా కట్టవద్దు, ఓటీపీ చెప్పవద్దు. అలాగని ఇంటి ముందుకొచ్చిన పాత సామాన్ల వ్యాపారికి పదికో ఇరవైకో ఇచ్చేయవద్దు. మడతలు, చినుగులు, మరకలను బట్టి ధర ఎంతో మారుతుంది. ఇద్దరు ముగ్గురు సేకరణకర్తలకు చూపించాకే మాట ఇవ్వండి.

నోటును కడగవద్దు, ఇస్త్రీ చేయవద్దు, టేపు అతికించవద్దు, లామినేషన్ అసలే వద్దు. మడత విప్పి, రెండు తెల్ల కాగితాల మధ్య పెట్టి, తేమ తగలని చోట దాచండి.