మనువు నావ, ఇడాదేవి



మత్స్యావతార ప్రసంగం జరిగినప్పుడెల్లా మన డోర్నకల్‌లో ఒక ప్రశ్న తప్పక వస్తుంది. నోవహు ఓడ కథ కూడ ఇటువంటిదే గదా, ఏది ముందు, ఎవరి వద్ద నుంచి ఎవరు గ్రహించినారు అని. ఈ ప్రశ్న ఈ ఊళ్లో పుట్టడంలో వింత ఏమీ లేదు. 1912లో భారతీయులలో మొదటి ఆంగ్లికన్ బిషప్పుగా అభిషేకం పొందిన అజరయ్య గారి పీఠం ఇక్కడిదే. 1939లో పూర్తి చేసిన వారి పెద్ద చర్చిని చూచినవారికి అందులో మన గుడి స్తంభాల పోలిక, మసీదు గుమ్మటాల పోలిక కూడ కనిపిస్తాయి. ఒకే బడిలో పక్కపక్కన కూర్చున్న పిల్లలలో ఒకడు ఆదికాండములోని ఓడను గురించి, మరొకడు సత్యవ్రతుని నావను గురించి విని పెరుగుతాడు. ఏదో ఒకనాడు ఇద్దరూ కథలు పోల్చుకొంటారు. అప్పుడు మన పిల్లవాడు ఇంటికి వచ్చి అడుగుతాడు.

వానికి మనవారు రెండు విధాలుగా సమాధానం చెప్పుతుంటారు. కొందరు, మనది తరువాత పుట్టిన కథ కాబోలు అని చిన్నబోతారు. మరికొందరు, లోకంలోని కథలన్నీ మన నుంచి ఎత్తుకుపోయినవే అని గట్టిగా అంటారు. మొదటివారు మూలగ్రంథం చూడలేదు. రెండవవారు కూడ చూడలేదు. గొంతు పెద్దది చేసినంత మాత్రాన ప్రమాణం పుట్టదు.

ఈ వివాదం కొత్తది కాదు. ఫ్రాన్సు దేశంలో బర్నూఫ్ అనే సంస్కృత పండితుడు భాగవతాన్ని అచ్చువేయించి, తన భాషలోకి అనువదించినాడు. 1847లో వెలువడిన సంపుటానికి వ్రాసిన పీఠికలో, ఈ జలప్రళయ కథ పురాణాలలోనే కాని వేదంలో కానరాదు గనుక పశ్చిమాసియా నుంచి వచ్చి ఉండవలెనని అభిప్రాయపడినాడు. ఆయన పక్షపాతి కాడు, పెద్ద పండితుడు. అయితే అప్పటికి శతపథ బ్రాహ్మణం ఐరోపాలో అచ్చు కాలేదు. కొద్ది కాలానికే వేబర్ అనే జర్మను పండితుడు ఆ బ్రాహ్మణాన్ని పరిశీలిస్తూ, అందులో మనువు కథ ఉన్నదని లోకానికి చూపినాడు. వేదంలో లేదు కాబట్టి పరదేశపుది అన్న వాదానికి ఆధారం అంతటితో పోయినది.

తరువాత 1872 డిసెంబరు 3న లండనులో జార్జి స్మిత్ అనే ఆయన మరొక సంచలనం కలిగించినాడు. నినెవే శిథిలాలలో దొరికిన మట్టిపలకల మీద, మేకుల వంటి గీతలతో వ్రాసిన గిల్గమేషు కావ్యంలో ఓడ, వరద, కొండ, వదలిన పక్షులు అన్నీ ఉన్నవని సభలో చదివి వినిపించినాడు. ఆ పలకలు క్రీ.పూ. 7వ శతాబ్దానివి. అదే గాథను చెప్పే అత్రాహసిస్ కావ్యపు ప్రతులు క్రీ.పూ. 17వ శతాబ్దం నాటివి కూడ దొరికినవి. అనగా వ్రాత రూపంలో దొరికిన వాటిలో బాబిలోనియా వారి పలకలు నోవహు కథ కంటె పాతవి, మన తాళపత్రాల కంటెను పాతవి. ఈ మాట ఒప్పుకొనడానికి మనకు భయం ఎందుకు? మట్టిపలక వయస్సు వేరు, గురుముఖతః కంఠం నుంచి కంఠానికి దిగివచ్చిన వాక్యం వయస్సు వేరు. శతపథాన్ని పాశ్చాత్యులు సుమారు క్రీ.పూ. 8, 6 శతాబ్దాల నడుమ ఉంచుతారు. మనకు శ్రుతి అపౌరుషేయం. ఈ రెండు లెక్కలనూ ఒకే త్రాసులో తూచడం కుదరదు.

ఇక అసలు గ్రంథంలోకి పోదాము. మన తెలుగునాట వేదాధ్యాయులలో అధికులు తైత్తిరీయ శాఖవారు. శతపథం శుక్ల యజుర్వేదానిది. అందుచేత మన పాఠశాలలలో చాలామంది దీనిని వల్లె వేయరు, వినికిడి మీదనే మాట్లాడుతారు. శతపథం మొదటి కాండలో కథ ఇట్లా ఉన్నది. ఉదయాన మనువు చేతులు కడుగుకొనే నీళ్లలో ఒక చిన్న చేప ఆయన చేతికి వచ్చినది. తనను పెంచితే ఆయనను కాపాడుతానని చెప్పినది. దేని నుంచి అని మనువు అడిగినాడు. ప్రాణులన్నిటినీ కొట్టుకుపోయే వరద రానున్నదని అది చెప్పినది. మొదట కుండలో, పిదప గోతిలో పెంచి, ఎదిగిన తరువాత సముద్రంలో విడువుమన్నది. చెప్పిన సంవత్సరానికి వరద వచ్చినది. మనువు నావ ఎక్కి, ఆ చేప కొమ్ముకు త్రాడు కట్టినాడు. అది నావను ఉత్తరగిరికి చేర్చి, చెట్టుకు కట్టుమని, నీరు దిగిన కొద్దీ తానును మెల్లగా దిగుమని చెప్పినది. ఆ చోటికి మనువు దిగివచ్చిన చోటు అనే అర్థంలో పేరు కూడ ఉన్నది.

ఇక్కడ రెండు సంగతులు గమనించవలెను. ఆ చేప ఎవరో శతపథం చెప్పదు. వరద ఎందుకు వచ్చినదో కూడ చెప్పదు. అత్రాహసిస్ కావ్యంలో మనుష్యుల కోలాహలానికి నిద్రపట్టక ఎన్లిల్ అనే దేవుడు వరద పంపుతాడు. ఆదికాండములో మానవుల పాపం కారణం. శతపథంలో కోపం లేదు, శిక్ష లేదు. వరద వస్తుంది, అంతే.

అయితే ఈ కథ ఏ ప్రకరణంలో ఉన్నది? ప్రళయాన్ని గురించిన ప్రకరణంలో కాదు. దర్శపూర్ణమాసేష్టిలో ఇడ అనే హవిర్భాగాన్ని గురించి చెప్పేచోట ఉన్నది. వరద తీసిన పిమ్మట మనువు ఒక్కడే మిగిలినాడు. సంతానం కోరి, నెయ్యి, పెరుగు, మీగడ వంటి వాటిని నీళ్లలోనే హోమం చేసినాడు. ఏడాదికి ఆ నీటిలో నుంచి ఒక స్త్రీ లేచి వచ్చినది. ఆమె అడుగు పెట్టినచోట నెయ్యి నిలిచినది. మిత్రావరుణులు ఎదురై, తమ దానవని చెప్పుమంటే, ఆమె తాను మనువు కూతురినని చెప్పి ముందుకు సాగినది. ఆమెయే ఇడ. ఆమెతో కూడి యజ్ఞం చేసి మనువు ఈ ప్రజాసంతతిని పొందినాడు. ఇడకు ఇష్టిలో అంత గౌరవం ఎందుకు అని శిష్యుడు అడిగితే చెప్పవలసిన సమాధానం ఇది. వరద ఈ కథకు గుమ్మం మాత్రమే, గర్భగుడిలో ఉన్నది ఇడాదేవి.

ఇది నా ఊహ కాదనుటకు మన శాఖలోనే సాక్ష్యం ఉన్నది. తైత్తిరీయ సంహిత రెండవ కాండలో మనువు భూమి మీద యజ్ఞయోగ్యమైన దానిని వెదకడం, నెయ్యి కనుగొనడం, ఇడ ప్రసక్తి ఉన్నవి. వరద మాత్రం లేదు, చేప లేదు, నావ లేదు. రెండు శాఖలలోనూ నిలిచినది ఇడ. అథర్వవేదం 19వ కాండలో కుష్ఠమనే ఓషధిని స్తుతించే సూక్తంలో హిమవంతుని శిరస్సున నావ దిగిన చోటు ఉన్నదని కొందరు అర్థం చెప్పుతారు. అయితే అక్కడి పదవిభాగంలో భేదాభిప్రాయాలు ఉన్నవి గనుక, దానిని గట్టి ప్రమాణంగా నేను గ్రహించను.

చేప మాటల్లో మరొక రహస్యం ఉన్నది. మేము చిన్నవారముగా ఉన్నంతకాలం మాకు చావు దగ్గర, చేపను చేపయే మింగుతుంది అని అది మనువుతో మొరపెట్టుకొంటుంది. పెద్దది చిన్నదానిని మింగే ఈ తీరునే నీతిశాస్త్రకారులు మాత్స్యన్యాయమన్నారు. కౌటిల్యుని అర్థశాస్త్రం మొదటి అధికరణంలో, మాత్స్యన్యాయంతో పీడితులైన ప్రజలు వైవస్వత మనువును రాజుగా చేసుకొని, ధాన్యంలో ఆరవ భాగం, సరకులలో పదవ భాగం ఆయనకు ఏర్పరచినారని ఉన్నది. ఈ రెండు గ్రంథాలను ఎదురెదురుగా పెట్టి చూడండి. చేప అడిగిన రక్షణనే ప్రజలు అడిగినారు, ఆ మనువునే అడిగినారు. చేతిలో ఇమిడే ప్రాణిని కాపాడినవాడు కనుకనే ఆయన ప్రజాపాలకుడని చెప్పుట మన సంప్రదాయానికి తగిన మాట.

మహాభారతం అరణ్యపర్వంలో మార్కండేయ మహర్షి ధర్మరాజుకు ఈ కథను విస్తరించి చెప్పినాడు. చీరిణీ నదీతీరాన తపస్సు చేస్తున్న మనువు వద్దకు చేప వస్తుంది. సప్తర్షులు, సకల బీజాలు నావలోకి చేరుతాయి. తానే ప్రజాపతియైన బ్రహ్మనని ఆ చేప చివరకు వెల్లడిస్తుంది. భాగవతం అష్టమ స్కంధానికి వచ్చేసరికి కథ దక్షిణానికి దిగినది. ద్రవిడదేశపు రాజు సత్యవ్రతుడు, మలయపర్వతంలో పుట్టిన కృతమాలా నది, వేదాలను అపహరించిన హయగ్రీవాసురుడు, నావకు త్రాడైన వాసుకి, మత్స్యరూపుడైన విష్ణువు ఇందులో ఉన్నారు. మన జనగామ ప్రాంతపు బమ్మెర పోతనామాత్యుడు తెలుగు చేసినది ఈ కథనే. తిరుపతి జిల్లా నాగలాపురంలో శ్రీకృష్ణదేవరాయలు తల్లి నాగలాంబ పేరిట వెలయించిన ఊళ్లో వేదనారాయణస్వామి మత్స్యరూపంలో కొలువై ఉన్నాడు. ఏటా మార్చి నెలలో కొన్ని సాయంకాలాలు సూర్యకిరణాలు నేరుగా గర్భాలయంలోని మూర్తిని తాకుతాయి. పోగలిగినవారు ఒకసారి చూచిరండి.

ఈ పురాణకథ విషయంలో మన పెద్దలు కళ్లు మూసుకొని తలలూపలేదు. భాగవతం ప్రథమ స్కంధంలో ఈ అవతారం చాక్షుష మన్వంతరపు జలసంప్లవంలో జరిగినదని ఉన్నది. అష్టమ స్కంధంలో బ్రహ్మ నిద్రించే వేళ వచ్చే నైమిత్తిక ప్రళయమని ఉన్నది. బ్రహ్మకు ఒక పగలు అంటే 14 మన్వంతరాలు, చాక్షుషుడు ఆరవవాడు. మరి ఆరవ మనువు కాలం ముగియగానే పగటి చివరి ప్రళయం ఎట్లా వచ్చినది? శ్రీధరస్వామి తన వ్యాఖ్యలో ఈ చిక్కును దాచలేదు. మన్వంతరాంతంలో ప్రళయం లేదని ఒప్పుకొని, భగవంతుడు సత్యవ్రతునికి మాయచేత ప్రళయాన్ని చూపినాడని సమన్వయించినాడు. వందల ఏండ్ల క్రితమే ఇంతటి ప్రశ్న వేసుకొన్న సంప్రదాయం మనది. అటువంటిది, పక్క ఇంటి పిల్లవాడు ప్రశ్న వేస్తే కోపగించుకొనుట మనకు తగదు.

ఇవి చరిత్రలో జరిగినవేనా అంటే, జలప్రళయాన్ని భూమి అంతటికీ ఒకేసారి వచ్చినదిగా త్రవ్వకాలు చూపలేదు. ఊరు అనే ప్రాచీన నగరంలో 1929లో లియోనార్డ్ వూలీ మందమైన ఒండ్రుమట్టి పొరను కనుగొని, ఇదే ఆ వరద అన్నాడు. తరువాత ఇతర నగరాలలో దొరికిన పొరల కాలాలు దానితో కలియలేదు. యూఫ్రటీసు, టైగ్రిసు నదులు ఒక్కొక్క కాలంలో ఒక్కొక్క ఊరిని ముంచినవి. నదులున్న చోటెల్లా ఇంతే. 1986 ఆగస్టులో భద్రాచలం వద్ద గోదావరి 75.6 అడుగులకు చేరినది. 2024 ఆగస్టు 31, సెప్టెంబరు 1 తేదీల వానకు మన ఆకేరు, మున్నేరు పొంగినవి. కేసముద్రం, ఇంటికన్నె నడుమ రైలుకట్ట కొట్టుకుపోయి, కాజీపేట విజయవాడ మార్గంలో బండ్లు నిలిచిపోయినవి. దానిని కళ్లారా చూచినవారికి వరద కథ చెప్పుటకు బాబిలోనియా అవసరం లేదు. బాబిలోనియా వారికి మనమూ అవసరం లేదు.

చీనా దేశపు కథ వేరు దారిలో నడుస్తుంది. అక్కడ నావ లేదు. యూ అనే మహాపురుషుని తండ్రి వరదకు కట్టలు అడ్డం వేసి ఓడిపోయినాడు. కొడుకు కాలువలు త్రవ్వి నీటిని సముద్రానికి నడిపించినాడు. ఆ పనిలో మూడుసార్లు తన ఇంటి ముందుగా పోయినా లోపల అడుగుపెట్టలేదని చెప్పుకొంటారు. మున్నేటి ఎగువన కాకతీయ గణపతిదేవుని కాలంలో కట్టిన పాకాల చెరువు ఉన్న ప్రాంతంవారికి ఈ కథ పరాయిదిగా తోచదు.

కాబట్టి కథలను పోల్చదలచినవారు ఓడ పొడవు, వాన దినాలు లెక్కపెట్టి ఆగిపోరాదు. నీరు తీసిన తరువాత ఏమి జరిగినదో చూడవలెను. గిల్గమేషు చావులేని తనం కోరి వరద నుంచి మిగిలిన ఉత్నపిష్టిం వద్దకు పోయి, అది తనకు దక్కదని తెలిసికొని తిరిగివస్తాడు. గ్రీకుల డ్యూకాలియన్, పిర్రా దంపతులు వెనుకకు విసిరిన రాళ్లు మనుష్యులైనవి. నోవహుకు, ఇక అటువంటి వరద రాదన్న నిబంధనకు గుర్తుగా మేఘంలో ధనుస్సు కనిపించినది. ఒడ్డుకు చేరగానే నోవహు, ఉత్నపిష్టిం ఇద్దరూ హోమం చేసినారు, మనువు కూడ చేసినాడు. మనువు హోమం నుంచి ఇడ పుట్టినది. దర్శపూర్ణమాసాలు జరిగేచోట నేటికీ హోత ఆమెను పేరుపెట్టి పిలుస్తాడు. ఆహ్వానం పూర్తి అయిన పిమ్మట ఋత్విజులు, యజమానుడు కలిసి ఇడాభక్షణం చేస్తారు.