కుక్కల ఒంటి చిగటలు – చికిత్స, నివారణ

రాయచూరు జిల్లా దేవదుర్గ తాలూకా జాలహళ్ళి పరిసర గ్రామాలలో పొలం కాపలాకు, గొర్రెల మందలకు కుక్క తప్పనిసరి తోడు. వానలు మొదలైన కొద్ది వారాలకే ఆ కుక్కలు ఒళ్ళు కొరుక్కోవడం, తోక మొదట వెంట్రుకలు రాలి పుండ్లు పడటం కనబడుతుంది. ఇందుకు తరచు కారణమయ్యే పురుగును కన్నడంలో ‘చిగట’ అంటారు. తెలుగు ఇళ్ళలో దీనిని పేను అనో గోమారి అనో పిలవడం వలన మందు తారుమారవుతున్నది. గోమారి చర్మాన్ని కరచుకొని కదలక ఉంటుంది. చిగట వెంట్రుకల నడుమ పరుగెత్తుతుంది, పట్టబోతే దూకుతుంది. గోమార్లకు వాడే అమిట్రాజ్ ద్రావణం చిగటలపై అంతగా పనిచేయదు.

కుక్క వీపును దువ్వి, రాలిన నల్లని నలుసులను తడి తెల్లగుడ్డపై వేయాలి. వాటి చుట్టూ ఎరుపు దిగితే అది చిగటలు విసర్జించిన రక్తం, దిగకపోతే మట్టి.

కుక్కకు ఎంత మందు పూసినా పది రోజులలో చిగటలు మళ్ళీ రావడానికి కారణం వేరే ఉంది. ఒంటి మీద కనబడేవి మొత్తంలో స్వల్పభాగమే. ఆడ చిగట రోజుకు నలభై వరకు గుడ్లు పెట్టగలదు. అవి జారి కుక్క పడుకునే గోనెసంచిలో, కంబళిలో, అలికిన నేల పగుళ్ళలో పడతాయి. పిల్లపురుగులు అక్కడి దుమ్ములోనే పెరిగి గూడు కట్టుకుంటాయి. గూటిలోని చిగట తిండి లేకుండా నెలల తరబడి ఉండి, అడుగుల అదురు, ఒంటి వేడి తగలగానే బయటికి దూకుతుంది. బెంగళూరుకు పనులకు వలస వెళ్ళి వచ్చిన కుటుంబం తాళం తీసిన నాడే కాళ్ళు దద్దుర్లెక్కడం ఇందువలననే.

కనుక కుక్కకు, ఇంటికి ఒకే రోజున చికిత్స జరగాలి. పరుపు గుడ్డలను మరిగే నీటిలో ఉతికి మండుటెండలో ఆరవేయాలి. పగుళ్ళు పూడ్చి అలకాలి, ఊడ్చిన చెత్తను కాల్చాలి. ఈ పని కనీసం నెల రోజులు సాగాలి. కుక్కను సబ్బునీటితో కడిగి సన్నపళ్ళ దువ్వెనతో దువ్వాలి. పశువైద్యుని సలహాపై, బరువుకు తగిన ఫిప్రోనిల్ చుక్కల మందు గాని ఫ్లూరలానర్ వంటి బిళ్ళ గాని వాడవచ్చు. వేపనూనె కొంత ఉపశమనమిస్తుంది; దానిని మాత్రమే నమ్ముకోరాదు.

నారాయణపుర కాలువ కింద పత్తి, మిరప పండించే ఇళ్ళలో ప్రొఫెనోఫాస్, క్లోరిపైరిఫాస్ సీసాలు చేతికందే చోటనే ఉంటాయి. మిగిలిన మందును నీళ్ళలో కలిపి కుక్కకు పూయడం ఘోరమైన ప్రమాదం. విషం చర్మం గుండా లోపలికి పోతుంది, కుక్క నాకి మరికొంత మింగుతుంది. దానిని కౌగిలించుకునే పిల్లవాడికీ అంటుతుంది. చొంగ కారడం, వాంతులు, వణుకు, ఊపిరాడకపోవడం దీని లక్షణాలు. చేతులకు తొడుగు వేసుకొని కుక్కను సబ్బుతో కడిగి, సీసాతో సహా వెంటనే పశువుల ఆసుపత్రికి చేర్చాలి. పిల్లలకైతే ఒంటిబట్టలు మార్చి, కడిగి, క్షణం ఆలస్యం లేక వైద్యుని వద్దకు తీసుకుపోవాలి. పంటకు చల్లే ఫిప్రోనిల్ కూడా, పేరు ఒకటే అయినా, కుక్క మందు కాదు. పాతవారు చల్లిన గమాక్సిన్ పొడి దేశంలో 1997లోనే నిషేధింపబడింది.

కుక్క మందు పిల్లికి వాడరాదు. పెర్మెత్రిన్ పిల్లికి ప్రాణాంతకం. ఎనిమిది వారాలు నిండని కుక్కపిల్లలకు వైద్యుని అనుమతి లేనిదే ఏ మందూ పూయక, దువ్వెన, గోరువెచ్చని నీరు మాత్రమే వాడాలి. చిగురు తెల్లబడిన కుక్కపిల్ల రక్తహీనతతో రెండు మూడు రోజులలో చనిపోవచ్చు. మలద్వారం వద్ద బియ్యపు గింజల వంటివి కనబడితే అవి చిగటల ద్వారా వచ్చిన బద్దెపురుగు ముక్కలు. వాటికి ప్రాజిక్వాంటెల్ బిళ్ళ వేయించాలి. చిగటలు పోనిదే ఆ పురుగు తిరిగి వస్తుంది.