షా నజఫ్ గోడ ముందు నిలిచిన నావికుడు

1857 పాఠం చెప్పేటప్పుడు లక్నో దగ్గరికి వచ్చేసరికి మేము బేగం హజ్రత్ మహల్ పేరు చెప్పి, రెసిడెన్సీ ముట్టడి చెప్పి ముందుకు వెళ్ళిపోతాం. ఆ పోరాటంలో అవతలి పక్షాన నిలిచిన విలియం హాల్ అనే నల్లజాతి నావికుడి ఊసే రాదు.

ఇతడు 1820ల చివరలో కెనడాలోని నోవాస్కోషియాలో జన్మించాడు. తల్లిదండ్రులు అమెరికాలో బానిసలు. 1812లో మొదలైన యుద్ధకాలంలో బ్రిటిష్ నౌకల ఆసరాతో తప్పించుకుని అక్కడికి చేరారు. అంటే ఆ ఇంటి సంకెళ్ళు తెగింది బ్రిటిష్ నౌకాదళం మూలంగానే. ఈ సంగతి పాఠకులు గుర్తుంచుకోవాలి.

కొన్నాళ్ళు సరుకుల ఓడల్లో, కొన్నాళ్ళు అమెరికా నౌకాదళంలో చేసి, 1852లో బ్రిటిష్ నౌకాదళంలో చేరాడు. క్రిమియా యుద్ధం చూశాడు. 1857లో అతడున్న 'షానన్' యుద్ధనౌకను హాంకాంగ్ నుంచి కలకత్తాకు మళ్ళించారు. కెప్టెన్ విలియం పీల్ ఓడ ఫిరంగుల్ని గంగ మీదుగా అలహాబాద్ చేర్చి, అక్కడినుంచి లక్నో దాకా నేలమీద లాగించాడు.

నవంబర్ 16. రెసిడెన్సీ దారిలో షా నజఫ్ అడ్డం నిలిచింది. అది అవధ్ పాలకుడు గాజీఉద్దీన్ హైదర్ మక్బరా. హజ్రత్ అలీ సమాధి ఉన్న నజఫ్ పేరు పెట్టుకుని కట్టించాడు. లోపలినుంచి సిపాయిల తుపాకీగుండ్లు వానలా కురుస్తున్నాయి. గోడ మూలకు తెచ్చిన 24 పౌండ్ల ఫిరంగి దగ్గర మనుషులు ఒక్కొక్కరే కూలిపోయారు. చివరికి మిగిలింది ఇద్దరే, లెఫ్టినెంట్ థామస్ యంగ్, హాల్. పేల్చిన ప్రతిసారీ ఫిరంగి వెనక్కి తన్నుకొస్తుంది. దాన్ని మళ్ళీ ముందుకు తోయాలి, మందు కూరాలి. ఎందరో చేసే ఆ పని ఇద్దరే చేశారు. ఆ సాయంత్రం షా నజఫ్ వాళ్ళ వశమైంది.

గోడ వెనక ఉన్నవాళ్ళు మనవాళ్ళు. వాళ్ళదీ ధైర్యమే, కాని వాళ్ళ పేర్లు ఏ గెజెట్టులోనూ ఎక్కలేదు. బానిసల కడుపున పుట్టినవాడు మరొకరి స్వేచ్ఛ మీద ఫిరంగి గురిపెట్టాడే అని నాకు బాధగానే ఉంటుంది. అయినా అతన్ని తిట్టడానికి నోరు రాదు. అతని ఇంటికి స్వేచ్ఛ తెచ్చిన జెండా అదే మరి.

1859 ఫిబ్రవరి 1న గెజెట్టులో విక్టోరియా క్రాస్ ప్రకటించారు. అక్టోబర్ 28న ఐర్లండ్‌లోని క్వీన్స్‌టౌన్ రేవులో, 'డోనెగల్' నౌక మీద ఆ పతకం ఇచ్చారు. నల్లజాతివారిలో అది పొందిన మొదటివాడు ఇతడే.

1876లో రిటైరై సొంత ప్రాంతానికి వెళ్ళి, అక్కచెల్లెళ్ళతో కలిసి సేద్యం చేసుకున్నాడు. 1904 ఆగస్టు 25న కన్నుమూశాడు. ఇంత పతకం ఇచ్చినవాళ్ళు సమాధికి ఒక రాయి కూడా పెట్టలేదు! 1945లో గాని అవశేషాలను హాంట్స్‌పోర్ట్ చర్చి ఆవరణకు మార్చలేదు. ఇప్పుడు కెనడా నౌకాదళంలో ఒక గస్తీనౌకకు అతని పేరుంది. షా నజఫ్ కూడా గోమతి ఒడ్డున అలాగే నిలిచి ఉంది.