కల్లు మానిన మూడవ నాడు మూర్ఛ ఎందుకు?

2015 సెప్టెంబరులో కల్తీ కల్లుపై దాడులు ముమ్మరమైనాయి. కామారెడ్డి, ఎల్లారెడ్డి అప్పటికి నిజామాబాదు జిల్లాలోనివే. ఆ రోజులలో ఆసుపత్రులకు చేరినవారిలో ఎందరో కల్లు తాగి కాదు, అలవాటైన కల్లు దొరకక వచ్చినవారు. చేతుల వణుకు, నిద్రలేమి, మతిభ్రమణం, ఆపై మూర్ఛ!

దీని మూలం నిద్రమందుల చరిత్రలో ఉన్నది. 1832లో జర్మనీ శాస్త్రవేత్త లీబిగ్ వెల్లడించిన క్లోరల్ హైడ్రేట్ 1869లో నిద్రమందుగా వైద్యంలో ప్రవేశించింది. అమెరికాలో 1963లో డైజిపామ్, 1981లో ఆల్ప్రజోలామ్ వచ్చాయి. రోగికి ఊరట కోసం పుట్టిన ఈ మందులే కల్లు కుండలో కల్తీ అయినాయి. మెదడును శాంతపరచే గాబా అనే రసాయనపు ప్రభావాన్ని ఇవి పెంచుతాయి. నిత్యం తాగితే మెదడు వాటికి అలవాటుపడి, తన సొంత నిగ్రహాన్ని తగ్గించుకొంటుంది. మందు హఠాత్తుగా ఆగితే నాడీకణాలు పగ్గం తెగిన ఎడ్లవలె చెలరేగుతాయి.

కనుక పెద్దవయసులో తొలిసారి మూర్ఛ వచ్చినవారి బంధువులను నేను మొదట అడిగే మాట: "కల్లు ఎన్నడు బంద్ చేసిండ్రు?"

మూర్ఛ వస్తే రోగిని ఒక పక్కకు ఒత్తిగిల్లజేయండి. నోటిలో ఏదీ పెట్టకండి. చేతిలో తాళంచెవి పెట్టినందువలన మూర్ఛ ఆగదు. వెంటనే 108కు ఫోన్ చేయండి. కల్లు అలవాటును వైద్యునికి దాచకండి; దాస్తే అసలు కారణం మరుగునపడుతుంది. ఈ కల్లు మానవలసినదే. అయితే ఒక్కనాటితో కాదు, వైద్యుని పర్యవేక్షణలో, క్రమక్రమంగా.